చల్లారకముందే

“మా ఆయన్ని చంపింది నేనే,” అంది హిలరీ లోవిక్, టీ కెటిల్ పొయ్యి మీద పెడుతూ. “మీకు పంచదార వెయ్యాలా?”

“వద్దండి,” అంది జూడిత్ ట్రాంటర్. “ఎలా చంపారు?”

జూడిత్ కరోనర్ దగ్గర పనిచేస్తుంది. హఠాత్తుగా పోయినవాళ్లు ఎలా పోయారో ఇంట్లోవాళ్లని అడిగి, ఆ చోటు చూసి, విచారణ జరిపే ఆ అధికారికి చెప్పడం ఆమె పని. చాలా ఏళ్లుగా ఇలాంటి వంటిళ్లలో కూర్చుంటోంది. చెయ్యని నేరం ఒప్పుకునేవాళ్లు ఆమెకు కొత్త కాదు. మందు వేళకివ్వలేదనో, ఆ పొద్దున మాట తూలాననో, ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు తప్పు నెత్తినేసుకుంటారు. అందుకే ఆమె కాదనదు, ఓదార్చదు. ఎలా అని అడుగుతుంది.

“పుట్టినరోజుకి ఇనప స్టాండ్లు కొనిచ్చాను. కారుని పైకెత్తి వాటి మీద నిలబెట్టుకుంటారు. చవగ్గా వచ్చాయి కదా అని జత తెచ్చాను. కిందటి శనివారం వాటి మీదే కారు పెట్టుకుని కింద దూరాడు. ఒకటి ఒరిగిపోయింది.” హిలరీ కప్పులు దించింది. గొంతు ఎవరిదో కథ చెబుతున్నట్టుంది. “ఆ పోలీసు ఇన్‌స్పెక్టరు స్టాండ్‌ని బూటుతో అటూ ఇటూ తిప్పి, ‘చవక సరుకండీ, ప్రాణం మీదికి తెచ్చింది’ అన్నాడు. ఎవరు కొన్నారో అడగనైనా లేదు పాపం.”

డెస్మండ్ లోవిక్ భూగోళం మాష్టారుగా చేసి రిటైరయ్యాడు. అరవయ్యో పడి దాటబోతున్నవాడు. పెరటి షెడ్డులో, తన చిన్నప్పటి కాలం నాటి పచ్చ జాగ్వార్ కారుని నాలుగేళ్లుగా ఊడదీసి, తోమి, మళ్లీ బిగిస్తున్నాడు. దాని ముందు భాగం ఛాతీ మీద పడి పోయాడు. చర్చిలో పాటల ప్రాక్టీసు నుంచి తిరిగొచ్చిన భార్యే మొదట చూసింది. ఇన్‌స్పెక్టర్ ప్రాథెరో ప్రమాదమని తేల్చేశాడు. ఈ మధ్యాహ్నం కారుని తీసుకుపోవడానికి లారీ వస్తోంది. అది గడప దాటిందంటే ఇక చూడ్డానికేమీ మిగలదు. చవక సరుకన్న మాట మాత్రం ఈవిడతో పాటు కాటిదాకా వస్తుంది.

జూడిత్ సంచిలో డాక్టరు రిపోర్టు ఉంది. ‘క్షణంలో పోయాడమ్మా, బాధ తెలిసుండదు’ అని ప్రాథెరో హిలరీకి చెప్పాడట. రిపోర్టులో అలా లేదు. బరువు కింద ఊపిరాడక, మెల్లగా పోయాడని ఉంది. ఆ కాగితం బయటికి తియ్యాలా వద్దా అన్నది ఇంటి గేటు దగ్గర తేలలేదు, ఇక్కడ కూర్చున్నా తేలడం లేదు.

“లారీ ఎవరిదండీ?”

“బెర్నార్డ్‌ది. బెర్నార్డ్ ఆడ్లమ్. డెస్‌కి ఈ కారు చూసిపెట్టింది కూడా అతనే. వీళ్ల పాత కార్ల క్లబ్బులో ఏ కారు అసలుదో, ఏది రెండు తుక్కు కార్లు కలిపి కుట్టిన బొంతో బెర్నార్డ్ చెప్పాలి. అతను ఊ అంటే ఊ, ఉహూ అంటే ఉహూ.” హిలరీ టీ పోసింది. “ఈ వారమంతా రోజూ వస్తున్నాడు. సూప్ తెస్తాడు, గిన్నెలు కడిగి పెడతాడు, షెడ్డు సర్దుతాడు. ఆ కారు కళ్లెదుట ఉంటే నువ్వు తేరుకోలేవు, నేను తీసుకుపోతాను అన్నాడు. సరేనన్నాను.”

“ఆ శనివారం పొద్దున మీ ఆయన మామూలుగానే ఉన్నారా?”

“లేడు. టోస్టు ముట్టలేదు. ‘ఈ కారు మనమనుకున్న కారు కాదు హిలరీ, బెర్నార్డ్‌తో మాట్లాడాలి’ అన్నాడు. నేను పట్టించుకోలేదు. వాళ్లిద్దరూ ఒక బోల్టు తల గుండ్రంగా ఉండాలా, పలకలుగా ఉండాలా అని రెండు వారాలు మాట్లాడుకోకుండా ఉన్న మనుషులు.”

జూడిత్ తల ఊపింది. కిటికీ గట్టు మీద ఆమె చూపు ఆగింది. పండబెట్టిన టమాటాల పక్కన, ఉతికి మడతపెట్టిన తువ్వాలు మీద, రెండు పిడికిళ్లంత లోహపు ముక్క ఉంది. మధ్యలో గుండ్రటి రంధ్రం, అందులో మెరిసే ఉక్కు చుట్టు.

“అదేమిటండీ?”

“హబ్. వెనక చక్రం తిరిగే చోట ఉంటుంది.” హిలరీ మొహం మొదటిసారి మెత్తబడింది. “ఆయన చేసిన ఆఖరి పని అదే. రాత్రి మంచం పక్కన పెట్టుకుంటున్నాను. నవ్వకండి.”

“నవ్వను.”

“నవ్వినా ఏమనుకోను. ఈ వంటిల్లు ఎప్పుడు నాదైంది కనుక? పెళ్లయిన కొత్తలో స్నానాల తొట్టిలో గేర్‌బాక్సు నానబెట్టాడు. ఒక క్రిస్మస్‌కి బాతుని పెడదామని ఓవెన్ తెరిస్తే లోపల పిస్టన్లు కాలుతున్నాయి. అత్తగారు భోజనానికొచ్చారు, ఇల్లంతా ఇంజనాయిల్ వాసన. బాతు ఎక్కడిదమ్మా, ఇంత కొత్త రకంగా ఉంది అంటారావిడ.”

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

“దీన్నీ ఓవెన్‌లో పెడతారా?”

“హబ్‌ని ఓవెన్‌లో, దాంట్లో కూర్చునే ఈ ఉక్కు చుట్టుని, అంటే బేరింగ్‌ని ఫ్రీజర్‌లో. వేడికి ఇది విప్పారుతుంది, చలికి అది కుంచించుకుంటుంది. గంట మోగగానే రెండూ తీసి, ఇందులో అది దింపాలి. చల్లారకముందే అయిపోవాలి. తడుముకున్నామో, అది వంకరగా ఇరుక్కుని ఇక రాదు. డెస్‌కి ఎప్పుడూ వంకరగానే కూర్చునేది. సుత్తి పుచ్చుకుని, తిట్టుకుంటూ కొట్టేవాడు.” ఆమె వేలితో ఆ చుట్టు అంచు తడిమింది. “ఈ ఒక్కసారే ఇంత చక్కగా కుదిరింది. ఒక్క సుత్తి దెబ్బ లేదు చూడండి. పోయేముందు ఆ ఒక్క తృప్తైనా దక్కింది ఆయనకి.”

జూడిత్ కప్పు నోటిదాకా వెళ్లి ఆగింది.

“ఆ రోజు ఓవెన్‌లో ఎవరు పెట్టారు?”

“నేనే. ప్రాక్టీసుకి బయల్దేరుతూ పెట్టి, గంటసేపటికి మోగేట్టు తిప్పాను. అప్పటికి రెండు కావస్తోంది. బేరింగులు మామూలుగా ఫ్రీజర్ పై అరలో ఉంటాయి. ఆ రోజు పై అరంతా ఆదివారం చర్చి విందుకి చేసిన ఐస్‌క్రీమ్ కేకు. అందుకని కింది అరలో, నల్లద్రాక్ష సంచి కింద దూర్చాను. వెళ్తూ వెళ్తూ షెడ్డు గుమ్మంలోంచి కేకేసి చెప్పాను. కింద అరలో ఉంది, మళ్లీ ఇల్లంతా వెతక్కు అని. ‘సరేలే మహారాణీ’ అన్నాడు.” హిలరీ తువ్వాలు మడత సరిచేసింది. “అదే ఆఖరి మాట.”

“తిరిగొచ్చేసరికి?”

“ఓవెన్ ఆపేసి ఉంది. ఇది ఈ తువ్వాలు మీదే చల్లారుతూ ఉంది. చేతితొడుగులు మేకుకి తగిలించి ఉన్నాయి. పని బాగా అయిందే, ఎప్పుడూ లేనిది తొడుగులు కూడా తగిలించాడే అనుకుంటూ షెడ్డులోకి వెళ్లాను.”

పక్కింటాయన మాట ప్రాథెరో ఫైల్లోనే ఉంది. రెండు గంటల రేడియో వార్తలు ముగుస్తుండగా షెడ్డులో పెద్ద చప్పుడైందని, కుక్క మొరిగిందని. ప్రాథెరో అది రాసుకున్నాడు. ఓవెన్ సంగతి ఎవరినీ అడగలేదు. వంటింట్లోకి అడుగు పెట్టినవాడైతేగా!

ఓవెన్ మోగింది మూడింటికి కాస్త ముందు. కారు పడింది రెండు దాటిన కాసేపటికి. ఛాతీ మీద కారున్న మనిషి లేచొచ్చి, తొడుగులేసుకుని, బేరింగ్ దింపి, ఓవెన్ ఆపి, తొడుగులు మేకుకి తగిలించి మళ్లీ వెళ్లి పడుకోడు.

జూడిత్ కిటికీ గట్టు వైపు చూడలేకపోయింది. ఈ మాట ఇప్పుడే చెప్పేస్తే హిలరీ నెత్తి మీద నుంచి ఆ స్టాండ్ బరువు దిగిపోతుంది. కానీ ఎవరో తెలియకుండా చెబితే, రోజూ సూప్ గిన్నెతో వచ్చే మనిషి మొహంలోకి ఈవిడ ఎలా చూస్తుంది? చూసి, ఎలా దాచుకుంటుంది?

“ఈ హబ్ జతలో రెండోది ఉందా?”

“ఉంది. అలాగే ఉండిపోయింది.”

“దాన్ని ఆ రోజు చేసినట్టే ఇప్పుడు పెట్టండి. అదే వేడి, అదే గంట, బేరింగ్ అదే చోట. ఒక్కటి కూడా మార్చొద్దు. మోగాక మాత్రం మీరు లేవకండి.”

“ఎందుకమ్మా?”

“ఎందుకో అయ్యాక చెబుతాను.”

హిలరీ ఆమె మొహంలోకి చూసింది. లేచి ఏప్రన్ కట్టుకుంది. చేతులకి ఏదో ఒక పని దొరికినందుకే ఊరట పడ్డట్టుంది.

*

షెడ్డులో ఇన్‌స్పెక్టర్ ప్రాథెరో అప్పటికే ఉన్నాడు, కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని.

“టీ అయిందా ట్రాంటర్ గారూ? మీ విచారణలు కెటిల్‌తో మొదలై బిస్కెట్టుతో ముగుస్తాయని మా స్టేషన్లో అంటుంటారు.”

“మీవి సంతకంతో మొదలై సంతకంతోనే ముగుస్తాయి కదండీ. నావి కాస్త పొడుగు.”

“ప్రమాదం అన్నాక పొడుగేముంది? స్టాండ్ ఒరిగింది, కారు పడింది.”

శవాన్ని తియ్యడానికి శనివారం సాయంత్రం కారుని పైకెత్తి, పోలీసులు తెచ్చిన లావుపాటి దుంగల మీద పెట్టారు. ఇంకా అలాగే ఉంది. నాలుగు చక్రాలూ గోడ వారగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

“చక్రాలు మీవాళ్లు అలా పెట్టారా?”

“లేదు. మేమొచ్చేసరికి అలాగే ఉన్నాయి.”

“కారు కింద దూరేవాడెవడైనా ఊడదీసిన చక్రం ఒకటి పక్కన అడ్డంగా పడుకోబెట్టుకుంటాడు. ఒకవేళ కారు జారినా చక్రం మీద ఆగుతుందని. ఈయన అలా పెట్టుకోకుండా ఎప్పుడూ దూరలేదట.”

“ఆ రోజు మరిచిపోయాడు. నేనూ ఒకసారి మరిచిపోయాను. నా దగ్గరా ఇలాంటి బండి ఉందండోయ్, పందొమ్మిది వందల అరవై రెండుది. పుస్తకాలు చదివి కారు గురించి మాట్లాడకండి. గ్రీజు అంటాలి చేతికి.”

“అంటించుకుందాం,” అంది జూడిత్. స్కర్టు మోకాళ్ల కింద మడిచి నేల మీద కూర్చుంది.

స్టాండ్ ఇంకా అక్కడే ఉంది. ఒక కాలు వంగింది. పైన కారుని మోసే తల మాత్రం చిల్లులో పెట్టిన కడ్డీ మీద చెక్కు చెదరలేదు. బరువు మొయ్యలేక కూలింది కాదు. నేల సిమెంటు మీద దాని కాలు గీసిన తెల్లటి గీత ఒకటి, జానెడు పొడుగున, పక్కకి సాగి ఉంది. ఆమె టార్చి వేసి కారు ముందు ఫ్రేము అడుగు భాగం చూసింది. పాత దుమ్ము, పాత తుప్పు, మధ్యలో అరచేయంత మేర నల్లటి కొత్త రంగు. గోరు ఆనిస్తే మెత్తగా లోపలికి దిగింది.

“ఆయన వేసుంటాడు,” అన్నాడు ప్రాథెరో వంగి చూసి. “నవంబరు చలిలో ఈ రంగు వారానికి కూడా ఆరదు. నాకు తెలుసు.”

“అవునా. అయితే ఇంకొకటి అడుగుతాను. నేల మీద ఈ రంపపు పొట్టు ఎవరు చల్లారు?”

“మావాళ్లే. శనివారం రాత్రి, అంతా అయ్యాక. నెత్తురు ఉంది కదా, ఆవిడ చూడకూడదని.”

“మంచి పని చేశారు. ఇటు చూడండి.”

టార్చి వెలుగులో, రంపపు పొట్టు మీద, చిన్న నల్ల చుక్క. పక్కన ఇంకొకటి. జూడిత్ వేలితో పొట్టు తప్పించింది. కింద సిమెంటు శుభ్రంగా ఉంది.

“శనివారం ఆయన రంగు వేసుంటే చుక్క పొట్టు కింద ఉండాలి. ఇది మీద ఉంది. మీరు పొట్టు చల్లాక, ఆయన మార్చురీలో ఉండగా, ఎవరో ఇక్కడ పడుకుని రంగు వేశారు.”

ప్రాథెరో జేబుల్లోంచి చేతులు తీశాడు.

జూడిత్ తాళంచెవి అంచుతో ఆ రంగు కొంచెం గీరింది. కింద లోహం తళతళా మెరిసింది, ఆకురాయి పెట్టి అరగదీసినట్టు. “ఇక్కడేముంటుంది మామూలుగా? మీకు ఉంది కదా బండి.”

“నంబరు,” అన్నాడు అతను అయిష్టంగా. “అక్కడ కూడా చెక్కుతారు కొన్నింటికి. కారు పుట్టిన నంబరు.”

“ఈ కారు మనమనుకున్న కారు కాదు అన్నాట్ట శనివారం పొద్దున, భార్యతో.”

“ఆగండాగండి. ఎటు పోతున్నారో తెలుస్తోంది. బెర్నార్డ్ ఆడ్లమ్‌నా? ఈ జిల్లాలో అతని మాట నమ్మని మనిషి లేడు. నా కారు కూడా అతనే చూసిచ్చాడు!”

“మీ కారు కింద ఎప్పుడైనా గీరి చూశారా?”

ప్రాథెరో మెడ ఎర్రబడింది. “రెండు రంగు చుక్కలు పట్టుకుని ఒక పెద్దమనిషి మీద హత్య కేసు పెట్టమంటారా? ఆవిడ సర్దమంది, అతను సర్దాడు. తుప్పు కనిపించింది, రంగు పూశాడు. కోర్టులో లాయరు నవ్వుతాడు. కాగితం మీద సంతకం అయిపోయింది. మూడింటికి లారీ వస్తుంది, కారు పోతుంది.”

“పోనివ్వండి. అందాకా లోపలికొచ్చి కూర్చోండి. మీరు టీ తాగితే స్టేషన్లో ఎవరికీ చెప్పను.”

*

బెర్నార్డ్ ఆడ్లమ్ వెనక గుమ్మంలోంచి వచ్చాడు. తలుపు తట్టలేదు. ఈ ఇంట్లో ఎప్పుడూ తట్టినట్టు లేదు. పొడుగాటి మనిషి, నెరిసిన గడ్డం, నెమ్మదైన గొంతు. చేతిలో మూతపెట్టిన గిన్నె.

“లీకు కాడలు, బంగాళాదుంప సూప్,” అన్నాడు హిలరీతో. “నిన్నటిది తిన్నావా? నిజం చెప్పు.”

“సగం తిన్నాను.”

“సగం పిల్లికి పెట్టావన్నమాట. ఏమోయ్ ప్రాథెరో, నువ్వూ ఉన్నావే. కార్బురేటర్ ఇంకా దగ్గుతోందా?”

“ఫరవాలేదు,” అన్నాడు ప్రాథెరో, కప్పులోకి చూస్తూ.

హిలరీ అతనికి కుర్చీ లాగింది. అతను గాలి పీల్చి, ఓవెన్ వైపు తిరిగి నవ్వాడు. “రెండోది పెట్టావా? మంచి పని చేశావు. జత విడగొట్టకూడదు.”

“డెస్ ఉంటే ఇవాళ చేసేవాడు కదా,” అంది హిలరీ.

జూడిత్ తన పేరు, పని చెప్పుకుంది. “రెండు మాటలు అడగాలి బెర్నార్డ్ గారూ. అందరినీ అడిగేవే.”

“అడగండి. పోలీసులు ఒక్కటీ అడగలేదు, నాకే చిన్నతనంగా ఉంది.”

“శనివారం మీరెక్కడున్నారు?”

“పాత విడిభాగాల సంతకి వెళ్లాను. ఏటా వెళ్తాను. పొద్దున వెళ్లి చీకటి పడ్డాక వచ్చాను. వానలో తడిసి ముద్దయి, ఒక్క చక్రం మూత దొరికింది, అదీ సొట్టది. ఫోను చూసుకునేసరికి హిలరీ పన్నెండు సార్లు చేసుంది.” అతను హిలరీ చెయ్యి తట్టాడు. “అది తలుచుకుంటేనే నిద్ర పట్టడం లేదు.”

“అంతకుముందు ఈ ఇంటికి ఎప్పుడొచ్చారు?”

“ఓ పది రోజులైంది. డెస్, నేనూ కాస్త ఎడమొహం పెడమొహంగా ఉన్నాం. ఏదో బోల్టు గొడవ.” నిట్టూర్చాడు. “వాడితో చివరి మాట అదైపోయింది.”

“ఫ్రేము కింద రంగు మీరు వేశారా?”

అతని కళ్లు ఒక్కసారి ప్రాథెరో వైపు వెళ్లొచ్చాయి. “వేశాను. తుప్పు పట్టింది. వాడైతే అలా వదిలేవాడు కాదు.”

“అక్కడ నంబరు ఉండేదట.”

“ఈ కారుకి అక్కడ ఉండదు,” అన్నాడు మృదువుగా, తెలియని పిల్లకి చెప్పినట్టు. “నేను సర్టిఫికెట్ ఇచ్చిన కారు అమ్మా ఇది. ప్రతి అంగుళం నాకు తెలుసు.”

ప్రాథెరో కుర్చీలో కదిలాడు. చూశారా అన్నట్టు జూడిత్ వైపు చూశాడు. బయట లారీ డ్రైవరు హారన్ కొట్టాడు.

“వెళ్దాం మరి,” అన్నాడు బెర్నార్డ్, మోకాళ్ల మీద చేతులు ఆనించి. “వెలుగు ఉండగానే ఎక్కించాలి.”

ఓవెన్ మోగింది.

చెవులు గింగురుమనే పాతకాలపు గంట అది. హిలరీ లేవబోయి, ఏదో గుర్తొచ్చి, ఆగిపోయింది. జూడిత్ కదల్లేదు. ఆగకుండా మోగుతోంది.

బెర్నార్డ్ లేచాడు. ఆ గంటకి లేవకుండా ఉండగల చేతులు ఆ క్లబ్బులోనే లేవు. మేకు మీద తొడుగులు అందుకుని ఒకటి తొడుక్కున్నాడు. రెండో చేత్తో ఫ్రీజర్ తలుపు తెరిచి, వంగి, అట్టడుగు అర లాగాడు. నల్లద్రాక్ష సంచి కింద చెయ్యి పెట్టి బ్రెడ్డు కవరులో చుట్టిన బేరింగ్ తీశాడు. మోచేత్తో ఓవెన్ తెరిచి, హబ్‌ని బల్ల మీది ఇంకో తువ్వాలు మీద పెట్టి, బేరింగ్‌ని రంధ్రం మీద నిలువుగా పట్టుకుని వదిలాడు. టక్కుమని లోపలికి దిగి కూర్చుంది. ఎక్కడా తడబాటు లేదు. వెనక్కి చెయ్యి చాచి గంట నొక్కి ఆపాడు. తొడుగులు మళ్లీ మేకుకి తగిలించాడు.

“చూశావా,” అన్నాడు హిలరీతో. మొహం పసివాడిలా వెలిగిపోతోంది. “సుత్తి దెబ్బ అక్కర్లేదు. చల్లారకముందే పడాలి, అంతే.”

హిలరీ హబ్ వైపు చూడటం లేదు. తెరిచే ఉన్న ఫ్రీజర్ కింది అర వైపు చూస్తోంది.

“పై అర తెరవలేదేం?” అంది.

“ఏంటి?”

“ఇన్నేళ్లూ డెస్ అన్నీ పై అరలోనే పెట్టాడు. నీకు తెలుసు. నువ్వే ఎన్నోసార్లు తీశావు. ఇప్పుడు పై అర తెరవనైనా తెరవలేదు నువ్వు.”

“అంటే... డెస్ చెప్పాడు, కింద అరలో ఉందని.”

“ఎప్పుడు?” అంది జూడిత్.

బెర్నార్డ్ అర లోపలికి నెట్టి ఫ్రీజర్ తలుపు మూశాడు.

“అక్కడ పెట్టింది ఆ ఒక్క శనివారమే,” అంది హిలరీ నెమ్మదిగా, తనకి తానే చెప్పుకుంటున్నట్టు. “కేకు అడ్డమొచ్చిందని. వెళ్తూ గుమ్మంలోంచి కేకేస్తే కానీ డెస్‌కే తెలీదు. నేను గేటు దాటాక చెప్పుండాలి నీకు.”

ప్రాథెరో కప్పు బల్ల మీద పెట్టాడు. “నువ్వు సంతలో ఉన్నానన్నావు కదా బెర్నార్డ్?” అతని గొంతులో ఇన్‌స్పెక్టరు లేడు. కారు కొనుక్కున్న మనిషి ఉన్నాడు.

“పొద్దున్న వెళ్లాను,” అన్నాడు బెర్నార్డ్. “మధ్యాహ్నం... వాడు ఫోన్ చేశాడు, మాట్లాడాలన్నాడు. క్లబ్బులో అందరి ముందూ చెబుతానన్నాడు. నా మాట మీద ఎంతమంది... హిలరీ, నేను అనుకుని రాలేదు. చక్రం తీశాను, కాలు తగిలింది...”

“తగిలిన కాలు నేల మీద జానెడు గీత గియ్యదు,” అంది జూడిత్. హిలరీ వైపు తిరిగింది. “స్టాండ్ విరగలేదండీ. మంచి స్టాండే. పక్కకి తోశారు.”

ఈ మాట చెప్పాలనే మధ్యాహ్నం నుంచి ఎదురుచూసింది. హిలరీ విన్నట్టు లేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, గట్టు మీది హబ్‌ని తువ్వాలుతో సహా తెచ్చి, బల్ల మీద రెండో దాని పక్కన పెట్టింది. రెండూ ఒకే చేతి పని. చంటిదానికైనా తెలుస్తుంది.

“ఆరు రాత్రులు దీన్ని పక్కన పెట్టుకుని పడుకున్నాను,” అంది.

“గంట మోగింది హిలరీ,” అన్నాడు బెర్నార్డ్. అది తప్ప చెప్పుకోవడానికి ఇంకేదీ లేనట్టు, బతిమాలుతున్నట్టు. “మోగుతూనే ఉంది. ఎవరో ఒకరు తియ్యాలి కదా. చల్లారిపోతే పాడైపోతుంది.”

“చప్పుడైంది రెండింటి వార్తలప్పుడని పక్కింటాయన అన్నాడు. ఇది మోగింది మూడు కావస్తుంటే.” హిలరీ వేళ్లు బల్ల అంచుని పట్టుకున్నాయి. “అంతసేపూ ఇక్కడేం చేశావు బెర్నార్డ్?”

ప్రాథెరో నేల వైపు చూశాడు. జూడిత్ చెయ్యి తెలియకుండానే ఒళ్లోని సంచి మీదికి వెళ్లింది.

“క్షణంలో పోయాడన్నారు నాతో,” అంది హిలరీ. “డెస్ నిన్ను పిలిచాడా?”

వేడి హబ్ చల్లారుతూ తువ్వాలు మీద టిక్కు టిక్కుమంటోంది. బయట లారీవాడు మళ్లీ హారన్ కొట్టాడు.

“మొదట పిలిచాడు,” అన్నాడు బెర్నార్డ్. “గంట మోగేటప్పటికి పిలవడం లేదు.”

హిలరీ వెళ్లి ఓవెన్ ఆపింది.